మౌనద్వీపం రేవులో మూడో మనిషి

మౌనద్వీపం కంటబడేసరికి పగలు మూడో జాము నడుస్తోంది. కంటబడింది అనడం కూడా ఎక్కువే. ఆకాశమూ సముద్రమూ ఒకే బూడిద రంగులో కలిసిపోయిన చోట ముందు ఒక నల్లటి గీత తోచింది. ఆ గీత గోడ అయింది, గోడ కొండ అయింది. కొండ కొమ్ము నుంచి అడుగు దాకా ఒక్క పచ్చని ఆకు లేదు. నీళ్ళు కోసి కోసి నిలువునా చీల్చిన రాతి పలకలు, పలకల సందుల్లో తెల్లగా చారలు కట్టిన ఉప్పు, ఆ ఉప్పు మీద గొంతు విప్పకుండా కూర్చున్న వేలాది కడలి కాకులు. ఏ దీవి దగ్గరికెళ్ళినా పక్షుల గోల చెవులు చిల్లులు పొడుస్తుంది. ఇక్కడ అలలు కూడా ఒడ్డును తాకి, తప్పు చేసినట్టు చప్పుడు లేకుండా వెనక్కి జారిపోతున్నాయి. కొండ పాదాన రెండు బండల మధ్య రేవు, రేవు వెనక ఏనుగు మీద ఏనుగు ఎక్కినా తగలనంత ఎత్తు ద్వారం ఉన్నాయి. ద్వారం మూసి ఉంది.

"పసుపు జెండా ఎత్తెయ్యండి బాబూ," అన్నాడు సరంగు దానయ్య, చుక్కాని వదలకుండా. "అదెత్తకుండా ఇంకో బారెడు ముందుకెళ్తే కొండ మీంచి బాణాలొచ్చి పడతాయి. ఎత్తినాక ఇక్కడే లంగరేసి కూకోవాలి. ఆళ్ళొచ్చేదాకా గట్టు మీద కాలెట్టకూడదు, ఎవుర్నీ కేకెయ్యకూడదు."

"ఎంతసేపు కూర్చోవాలి?"

"ఆళ్ళిష్టం."

మేఘపురి యువరాజు శరభకేతుకి ఓపిక అనేది పుట్టుకతో రాలేదు, పెరిగాకా అబ్బలేదు. అయినా పళ్ళు బిగబట్టి జెండా ఎత్తాడు. ఇప్పుడతను యువరాజు కాడు మరి. మాసిన ముతక పంచె, తలకి పాత గుడ్డ, మొలలో రాళ్ళు చెక్కే ఉలి. పేరు కంభయ్య, శిల్పి. పడవ నడుమ గడ్డి పరిచి, గోనెపట్టా కప్పి పడుకోబెట్టింది అతను చెక్కిన రాతి బొమ్మ. అడిగినవాళ్ళకి అలాగే చెప్పాలి.

నిజానికి ఆ బొమ్మ అతని అక్క మందారవల్లి. పదమూడు రోజుల కిందట మాంత్రికుడు నీలజటి, తనను పెళ్ళాడనందని, ఎడమచేత్తో గుప్పెడు బూడిద ఆమె మీద చల్లాడు. ఆ చేతికి ఆరు వేళ్ళు. శరభకేతు కళ్ళు మూసుకుంటే చాలు, ఆ ఆరో వేలే కనిపిస్తోంది. అక్క పాదాల దగ్గర మొదలైన రాయి రోజుకింత పైకి పాకి ఇప్పుడు జుట్టు కొసల దాకా వచ్చేసింది. ప్రాణం మాత్రం లోపలెక్కడో మిగిలి ఉంది. గడియకొక్కసారి ఊపిరి తీస్తుంది. రేపు సూర్యాస్తమయం లోపల ఈ దీవిలో ఉన్న మూలికల వైద్యురాలు ఎల్లసాని చెయ్యి పడితే మందారవల్లి బతుకుతుంది. పడకపోతే ఆ ఒక్క ఊపిరీ ఆగిపోతుంది.

మరి బొమ్మ కాదు, మనిషేనని చెప్పొచ్చు కదా అంటారేమో, చిక్కంతా అక్కడే ఉంది. మౌనద్వీపానికి రోగమంటే చచ్చేంత భయం. తన కాళ్ళ మీద తాను నడవలేని మనిషిని తెస్తే, రేవుకి ఎదురుగా నీళ్ళలో నిలబడి ఉన్న బోడిబండ మీద నలభై రోజులు ఉంచి గాని లోపలికి రానివ్వరు. ఉన్నదేమో ఒక్క రోజు. అందుకని అక్క సరుకైంది. తోడబుట్టినదాన్ని సరుకని నోటితో అనడం శరభకేతుకి నిన్నటి నుంచీ గొంతులో ముల్లులా ఉంది.

లంగరు వేసిన కాసేపటికి రేవులోంచి ఒక ఓడ బయటికొచ్చింది. దానికి నల్లని తెరచాప. వీళ్ళకి నాలుగు బారల దూరం నుంచి చల్లగా దాటిపోయింది. ఓడ అంచున తెల్లజుట్టు ముసలావిడ ఒకతె నిలబడి ఉంది. గాలికి చెదిరిన జుట్టును వెనక్కి తోసుకోనైనా తోసుకోకుండా పడవ వంకే చూసింది. పెదవులు కదిపినట్టూ అనిపించింది. ఎవరైనా తన ముఖం గుర్తుపడతారేమోనని శరభకేతు తలగుడ్డ కిందికి లాక్కుని, మోకాళ్ళ మధ్య తల దాచుకున్నాడు. ఎవరినీ పలకరించకూడదని దానయ్య చెప్పనే చెప్పాడు. తల ఎత్తేసరికి ఓడ వెళ్ళిపోయింది.

ఆ తర్వాతే రేవు వాళ్ళ పడవ వచ్చింది. నలుగురు విలుకాళ్ళు తెడ్లు వేస్తున్నారు. మధ్యలో ఎత్తుపీట మీద రేవు పెద్ద మాచమ్మ కూర్చుని ఉంది. అరవై ఏళ్ళు దాటిన ఎండు మనిషి, ఒంటి నిండా బూడిద రంగు శాలువా, ఒడిలో తాటాకుల కట్ట, నడుముకి బాకులా వేలాడే ఉక్కు ఘంటం. ఈ దీవికి ఎవరొచ్చినా, ఏది వచ్చినా ఆవిడ అడగాలి, ఆవిడ గీయాలి. ముఖంలో కోపమూ లేదు, దయా లేదు.

సరిగ్గా అప్పుడే ఒక అల పడవను ఊపింది, గోనెపట్టా జారింది. శరభకేతు కిందికి దిగి, అక్క ముఖం మీది గడ్డిపరకలు తీసి పట్టా సర్దుతున్నాడు. పైన మాచమ్మ అడిగిన మొదటి ప్రశ్న, దానికి దానయ్య చెప్పిన జవాబు అతని చెవిన పడలేదు. పడి ఉంటే నాలుక్కరుచుకుని అప్పుడే ఏదో ఒకటి సర్దేవాడు. అంత అదృష్టం కూడానా.

అతను పైకొచ్చేసరికి ఘంటం ఆకు మీద గీసేసి ఆగింది.

"సరుకేమిటి?" అంది మాచమ్మ.

"ఒక రాతి బొమ్మమ్మా. ఒక కత్తి, ఒక ఉలి."

"కత్తి ఇటివ్వు. ఉలి ఉంచుకో. బొమ్మ ఎవరికి?"

"వైద్యురాలు ఎల్లసాని గారికి. ఆవిడ దీవిలోనే ఉన్నారు కదమ్మా?"

మాచమ్మ తల ఎత్తి అతన్ని ఒక క్షణం చూసింది. "అడిగేది నేను, చెప్పేది నువ్వు. గడప దాటనివాడికి లోపలి కబురు చెప్పడం మా దీవిలో లేదు. పట్టా తియ్యి."

శరభకేతు పట్టా తీశాడు. రాతి కనురెప్పలు, రాతి పెదవులు, చెవి పక్కన రాయైపోయిన చిన్న జడపాయ. విలుకాళ్ళలో ఒకడు అనుకోకుండా చేతులు జోడించాడు. మాచమ్మ మాత్రం శాలువాలోంచి రాగి అద్దం తీసి బొమ్మ ముక్కు దగ్గర పెట్టింది.

"రాళ్ళ లోపల మనుషుల్ని పెట్టి తెచ్చినవాళ్ళున్నారు," అంది. "నూరు లెక్కపెడతాను. అద్దం మసకబారకూడదు."

శరభకేతు లోలోపల గడియలు లెక్క వేశాడు. అక్క కిందటిసారి ఊపిరి తీసి ఎంతసేపైంది? నల్ల ఓడ దాటినప్పుడా? అంతకు ముందా? తల దాచుకున్న గాభరాలో లెక్క తప్పాడు. మాచమ్మ తాపీగా లెక్కపెడుతోంది. ఇరవై, నలభై, డెబ్భై.  తొంభై దగ్గర బొమ్మ ముక్కుపుటం కదిలినట్టే కదిలింది, లేదు, అది మబ్బు నీడ. నూరు అయింది. అద్దం మెరుస్తూనే ఉంది.

"ఒక రాతి బొమ్మ," అని మాచమ్మ పైకి చదువుతూ ఆకు మీద గీసింది. విలుకాడు కరిగిన లక్క తెచ్చి బొమ్మ గొంతు కింద పోసి, తడి ఆరకముందే ముద్ర నొక్కాడు. కాలే లక్క అక్క మెడ మీద పడుతుంటే శరభకేతు తన మెడ తడుముకున్నాడు.

"ఇక మనుషులు వరసగా కూర్చోండి."

ఇద్దరూ కూర్చున్నారు. మాచమ్మ ఆకు చూసింది. ఇద్దరినీ చూసింది. మళ్ళీ ఆకు చూసింది.

"మూడోవాడు ఏడీ?"

"మూడోవాడెవరు?" అన్నాడు శరభకేతు.

"నీ సరంగుని అడుగు. ఎంతమంది అంటే ముగ్గురం అన్నాడు. గీశాను."

 దానయ్య నుదురు కొట్టుకున్నాడు. "అలవాటు తల్లీ. నోటికొచ్చేసింది. మా పేటలో ఎవురడిగినా పడవని కలుపుకునే సెప్తాం. కలపకపోతే దానికి కోపం. నన్ను లెక్కలో ఏసుకోలేదని సెప్పి ఒక మనిషిని నీళ్ళలోకి లాక్కుని లెక్క సరిసేసుకుంటది. మా తాతల కాడి నుంచీ అంతే. మేమిద్దరం, మా నూకాలు. ముగ్గురం."

నూకాలు ఆ పడవ పేరు. అంతకు ముందు దానయ్య భార్య పేరు. ఆవిడ పోయిన ఏడాదే ఈ పడవ కట్టాడు.

మాచమ్మ నవ్వలేదు. కసరనూ లేదు. "తాటాకు మీద గీసింది చెరగదు. మూడు వందల ఏళ్ళుగా ఈ దీవి దాని మీదే నిలబడింది. ముగ్గురన్నారు, ఇద్దరున్నారు. అంటే ఒకణ్ణి నడిసముద్రంలో చంపి తోసేసి ఉండాలి, లేదా దొంగతనంగా దింపి ఉండాలి. రెండింటికీ శిక్ష ఒకటే. మూడో మనిషి దొరికేదాకా ఉప్పుగుహలో ఉంటారు."

"దొరికేదాకా అంటే?" అన్నాడు శరభకేతు.

"ఒకడు పదకొండేళ్ళ నుంచీ ఉన్నాడు."

విలుకాళ్ళు లేచారు. శరభకేతు కళ్ళు తన కత్తి మీదికి పోయాయి. అది మాచమ్మ పీట కింద ఉంది. నలుగురు విలుకాళ్ళని ఉలితో ఎదుర్కోవచ్చు. ఎదుర్కొని గెలిచినా ఆ ద్వారం తెరవాల్సింది వీళ్ళే. ఏం చెయ్యాలో తోచక అక్క వైపు తిరిగాడు. అప్పుడే, ఇన్నాళ్ళూ ఎప్పుడొస్తుందా అని అతను ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఎదురుచూసిన ఊపిరి, రాకూడని ఈ క్షణంలో వచ్చింది. రాతి ముక్కులోంచి సన్నగా జారి, గొంతు కింద అద్దంలా నిగనిగలాడుతున్న లక్కముద్ర మీద పడి, చిన్న రూపాయంత మసక కట్టింది.

మాచమ్మ చూసింది. ఆవిడ ఒక్కతే చూసింది. మసక మెల్లగా కరిగిపోయేదాకా ఆవిడ కళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు. 

"బొమ్మ అని గీశాను," అంది మాచమ్మ, ఎవరితోనూ కాకుండా తనతో తాను అన్నట్టు. "అదీ చెరగదు. ఇంక అది బొమ్మే." శాలువా అంచు సర్దుకుని సరంగు వైపు తిరిగింది. "ఇందాక మూడోది పడవ అన్నావు. ఆ మాట మీదే నిలబడతావా? పడవ మనిషైతే మనిషికున్న నియమాలన్నీ దానికీ ఉంటాయి. వచ్చిన ప్రతి మనిషీ తన పేరు తన నోటితో చెప్పాలి. మూడుసార్లు అడుగుతాను. చెప్పనివాళ్ళకి గడప దాటే హక్కు లేదు, మా నీళ్ళలో నిలిచే హక్కు లేదు. వచ్చినవైపే వెళ్ళిపోవాలి, ఒంటరిగా."

దానయ్యకి అర్థమైంది. శరభకేతుకీ అర్థమైంది.

"వద్దు దానయ్యా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంకో దారి చూద్దాం."

"ఏటి సూత్తారు బాబూ. గడువు రేపు పొద్దుగూకేదాకే." దానయ్య పక్కనున్న చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. పశువు వీపు నిమిరినట్టు ఒకసారి నిమిరాడు. "మనిషే తల్లీ. మా నూకాలు మనిషే. అడగండి."

ముందు కంభయ్య, దానయ్య అని ఇద్దరి పేర్లూ వాళ్ళ నోటితోనే చెప్పించుకుని, మాచమ్మ పీట మీంచి లేచి నిలబడింది. విలుకాళ్ళు కూడా నిలబడ్డారు. చచ్చినవాళ్ళ దగ్గర నిలబడినట్టు తలలు వంచుకున్నారు.

"పేరు చెప్పు," అంది పడవతో.

అల ఒకటి పడవ పక్కన తట్టి జారిపోయింది.

"పేరు చెప్పు."

 ఒకరి పేరు ఇంకొకరు చెప్పకూడదు. దానయ్య రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"మూడోసారి అడుగుతున్నాను. పేరు చెప్పు."

కొయ్య ఏం చెబుతుంది. తాడు కొయ్యని రాసుకుని ఒక్కసారి కిర్రుమంది, అంతే. మాచమ్మ కూర్చుని ఆకు మీద ఒక గీత గీసింది. ముగ్గురు వచ్చారు, ఒకరు పేరు చెప్పలేదు, ఇద్దరికి అనుమతి.

బొమ్మను రేవు పడవలోకి దింపారు. శరభకేతు దిగాడు. దానయ్య చివరగా దిగాలి, తన పడవను తన చేతులతోనే వదిలిపెట్టాలి. అది కూడా నియమమే. అతను తెరచాపను గాలికి అడ్డంగా తిప్పి కట్టాడు. చుక్కానిని ఒక పక్కకి బాగా వంచి, మోకుతో ఏడు చుట్లు చుట్టి బిగించాడు. లంగరు లాగి లోపల పెట్టాడు. దుఃఖంలో మతి తప్పి తెరచాప తలకిందులు చేశాడనుకున్నాడు శరభకేతు. చెబుదామనుకున్నాడు గాని, ఆ మనిషి ముఖం చూశాక చెప్పబుద్ధి కాలేదు. ఆటుకి వెనక్కి తీస్తున్న నీటితో పాటు నూకాలు అడ్డదిడ్డంగా ఊగుతూ బూడిద రంగు సముద్రంలోకి తేలిపోయింది. దానయ్య అటు చూడలేదు. రేవు చేరేదాకా మోకాళ్ళ మీద గడ్డం ఆనించి ఏడుస్తూనే ఉన్నాడు. శరభకేతు అతని భుజం మీద చెయ్యి వేసి తానూ ఏడ్చాడు.

ద్వారం ఒక మనిషి పట్టేంత తెరుచుకుంది, విలుకాళ్ళు బొమ్మను మోసుకుని లోపలికి నడిచారు. లోపల పొడవాటి రాతి నడవ, చివర గుడ్డి దీపం. నడవకి రెండు వైపులా నేల నుంచి కప్పు దాకా ఎర్రమన్నుతో వేసిన అరచేతుల గుర్తులు. వేలు, పదివేలు. కుడిగోడ మీద వచ్చినవాళ్ళవి, ఎడమగోడ మీద వెళ్ళినవాళ్ళవి. ఎడమగోడ మీద గుర్తులు సగం కూడా లేవు.

"ఎడమచెయ్యి," అంది మాచమ్మ, మన్నుగిన్నె ముందుకు తోసి.

శరభకేతు అరచెయ్యి ముంచి కుడిగోడకి ఆనించాడు. దానయ్యా ఆనించాడు. ఇక గడప దాటినట్టే. బొమ్మను మోసుకుని ఎటు పరిగెత్తాలో అడుగుదామని వెనక్కి తిరిగిన శరభకేతు, ఎడమగోడ చూసి అక్కడే ఆగిపోయాడు. భుజాల ఎత్తున, పక్కపక్కన రెండు కొత్త గుర్తులు. మన్ను ఇంకా ఆరలేదు, ఒక చుక్క కిందికి కారుతోంది. మొదటిది ముడతలు పడ్డ చిన్న చెయ్యి. రెండోది పెద్ద చెయ్యి. దానికి ఆరు వేళ్ళున్నాయి.

"లోపలికొచ్చావు. ఇప్పుడు చెప్పొచ్చు," అంది మాచమ్మ. ఆవిడ గొంతు మొదటిసారి బొంగురుపోయింది. "ఎల్లసాని ఇందాక వెళ్ళిపోయింది. పక్క దీవిలో ఎవరో చావుబతుకుల్లో ఉన్నారని ఒకడు వచ్చి తీసుకెళ్ళాడు. నల్ల తెరచాప ఓడ. మీరు లంగరేసి ఉన్నప్పుడు మీ పక్కనుంచే దాటింది."

తెల్లజుట్టు, కదిలిన పెదవులు. నాలుగు బారల దూరం. మోకాళ్ళ మధ్య తల దాచుకున్నాను, అనుకున్నాడు శరభకేతు. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. 

"నాకు పడవ కావాలి," అన్నాడు.

"బయటికి పోవడానికి అనుమతి రేపు పొద్దున గాని ఇవ్వకూడదు. అనుమతి లేకుండా నీళ్ళలో దిగినవాడి మీద బాణం వేస్తారు. బొమ్మ మాత్రం నా ముద్ర కింద నా దగ్గర ఉంటుంది. రేపు సూర్యాస్తమయం దాకా దాన్ని ఎవరూ తాకరు." ఆగి, ఇంకా మెల్లగా అంది, "గడియ గడియకీ నేనే చూస్తాను."

దానయ్య కళ్ళు తుడుచుకుని యువరాజు చెవి దగ్గరికొచ్చాడు. "బాబూ, నూకాలు దూరం పోదు. తెరచాప అడ్డం కట్టి, సుక్కాని వంచి బిగించాను. అలా కట్టిన పడవ ఉన్న కాడే సుట్టూ తిరుగుద్ది. ఈత వొచ్చు కదా మీకు?"

 శరభకేతు అక్క రాతి చేతిని ఒకసారి పట్టుకుని వదిలాడు. తలుపు సందులోంచి బాణంలా దూసుకుపోయి, రేవు మెట్ల మీంచి సముద్రంలోకి దూకాడు. వెనకే దానయ్య దూకిన చప్పుడైంది. నీళ్ళు మంచులా కొరికాయి. నాలుగు బారలు ఈదేసరికి వెనక వింటినారులు సాగిన శబ్దం వినిపించింది.

"ఆగండి," అంది మాచమ్మ గొంతు, రేవంతా వినబడేలా. "పోయినవాడి పేరు ఆకు మీద పడకుండా బాణం వెయ్యకూడదు. నియమం తెలియదా?"

శరభకేతు ఒక్కసారి తల తిప్పి చూశాడు. నలుగురూ విల్లెక్కుపెట్టి నిలబడి ఉన్నారు. మాచమ్మ మెట్ల మీద చతికిలబడి, కట్టలోంచి ఒక ఆకు తీసి, నచ్చక పక్కన పెట్టి, ఇంకో ఆకు తీసి, ఘంటాన్ని కంటి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"మొన అరిగిపోయింది," అంది. "ఒకడు కొండ పైకెళ్ళి సానరాయి పట్టుకురండి."